గ్రాఫిక్స్ కార్డుకు జానెడున్నర జాగ

నలభై నాలుగేళ్లకు కంప్యూటర్‌ల కార్ల ఆట ఆడాలని బుద్ధి పుట్టింది. దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాల్నట. రేపు దుబాయ్ నుంచి జమ్మికుంటకు వచ్చే మా తమ్ముడు తెస్తనన్నడు. ఏది కొనాల్నో తెల్వక పది రోజులు వీడియోలు చూసిన. ఈ పొద్దటి నుంచే మూడుసార్లు మాట మార్చిన.

మధ్యాహ్నం దుకాణంల నిలబడి ఫోన్ చేసిండు.

"అక్కా, నువ్వు చెప్పిన కార్డు జర పొడుగున్నది. నీ కంప్యూటర్ డబ్బాల పడుతదా?"

"పడుతది. లోపల జానెడున్నర జాగ ఉంది, కొలిచిన."

"నీ జానెడా, నా జానెడా? పీజీ చదివినవ్, ఇంట్ల స్కేలు లేదానే?"

రవికె గుడ్డ కొలిచినట్టు కొలిచినని అప్పుడు సమజైంది. ఫోన్ పక్కన పెట్టి, స్కేలు వెతికి మళ్ల కొలిచిన. ముప్పై సెంటీమీటర్లు వచ్చింది. కార్డు ఇరవైతొమ్మిదిన్నరనట.

"పక్కానా? వాపస్ ఇయ్యాలంటే మళ్ల దుబాయ్‌కే రావాలె."

"పక్కా" అన్న.

కార్డు కొన్నడు. అప్పటి నుంచి కాలు నిలువక, ఇంకో ఆరుసార్లు డబ్బా మూత విప్పి కొలిచిన. అయిదుసార్లు ముప్పై, ఒక్కసారి ఇరవైతొమ్మిది. మీరైతే ఏ కొలతను నమ్ముదురు?