అత్తగారు అలిగిన బ్లాగు

భాష టీచరమ్మకు స్టాఫ్‌రూములో ‘ఎర్రపెన్ను’ అని పేరు. పెళ్లిపత్రిక చేతికిచ్చినా ముందు తప్పులు దిద్ది, ఆ తర్వాతే తేదీ చూస్తుంది. మనిషి చెడ్డది కాదు. తన కంటపడకుండా ఒక్క వాక్యం కూడా బయటికి పోకూడదు, అదే ఆవిడ పట్టుదల.

అలాంటావిడ తొమ్మిదో తరగతికి బ్లాగు పెట్టిందంటే సరదాకి కాదు. భాష పీరియడ్లలో పిల్లలు ఆవులిస్తున్నారనీ, సగం లెక్కలకిస్తే మార్కులన్నా వస్తాయనీ హెడ్‌మాస్టరుగారు తేల్చేశారు. “టర్ము చివరిదాకా చూస్తానమ్మా. పిల్లల్లో చలనం లేకపోతే ఇంక నన్నడగొద్దు,” అన్నారు. సగం పీరియడ్లు పోవడమంటే ఆవిడకు సగం ప్రాణం పోవడమే.

“మీ ఇల్లు, మీ వీధి, మీకు తెలిసింది రాయండి. ఊరంతా చదువుతుంది,” అని పిల్లలకు ఆశపెట్టింది. రాశారు. అందరిలోకీ బాగా రాసింది బస్సు డ్రైవరు కూతురు. క్లాసులో నోరు విప్పదని ఆ పిల్లను ‘మౌనవ్రతం’ అనేవారు. “మా నాన్న బస్సు మా వీధి మలుపు తిరిగేటప్పుడు రెండుసార్లు హారన్ మోగుతుంది. ఎవరో అడ్డమొచ్చారని కాదు. టీ పెట్టమని అమ్మకు చెప్పడం,” అని మొదలుపెట్టింది. టీచరమ్మ అది చదువుతూ ఎర్రపెన్ను సంగతే మరిచిపోయింది.

కానీ దాని కింద ఒక్క వ్యాఖ్య కూడా రాలేదు. మిగతావాటికీ అంతే. గోడకు చెప్పుకున్నట్టయింది. పిల్లలు ఒక్కొక్కరే రాయడం మానేశారు. “ఎవరూ చదవనప్పుడు ఎందుకు టీచర్?” అంది మౌనవ్రతం. ఆ పిల్ల క్లాసులో నోరు విప్పి అడిగిన మొదటి ప్రశ్న అది.

ఇంట్లో ఇంకో తలనొప్పి. అత్తగారు అలిగారు. పిలిస్తే పలకరు, ఎదురుపడితే మొహం తిప్పుకుంటారు. టర్ము రేపటితో అయిపోతుందనగా, కోడలు ఇక ఉండబట్టలేక అడిగేసింది.

“ఏమైందత్తయ్యా? నేనేమన్నా అన్నానా?”

“నువ్వెందుకంటావులే. పెద్ద టీచరువి. నా రాత నీ కంటికి ఆనలేదు.”

“మీరు రాయడమేమిటి?”

“ఆ డ్రైవరు పిల్ల రాసినదాని కింద రాశానుగా! మీ మామయ్య కూడా సైకిల్ బెల్లు అలాగే కొట్టేవారని. తప్పులుంటే దిద్దుకోవచ్చు కదమ్మా, మొత్తానికే తీసి పారేస్తావా?”

బ్లాగు తెరిచిన రోజున తన చేత్తో తనే వేసిన తాళం టీచరమ్మకు గుర్తొచ్చింది. తను చూసి సరేనంటే తప్ప ఏ వ్యాఖ్యా పైకి కనబడకూడదు. తాళమైతే వేసింది గానీ, వచ్చినవాళ్లు తలుపు దగ్గర నిలబడి ఉన్నారేమోనని ఒక్కసారీ చూసుకోలేదు. పరుగున వెళ్లి కంప్యూటర్ తెరిచింది. ఎన్ని వ్యాఖ్యలో! కిందికి జరిపేకొద్దీ వస్తూనే ఉన్నాయి.

“అత్తయ్యా, మీ అలక చల్లగుండ!” అని ఆవిడను గట్టిగా వాటేసుకుంది.

మర్నాడు క్లాసులో తెర మీద బ్లాగు తెరిచింది. “తప్పు మీది కాదు, నాది. ఎర్రపెన్ను పెట్టాల్సింది నాకే,” అని అన్నిటినీ ఒక్కసారే వదిలింది. క్లాసు గోలెత్తిపోయింది. “మా పిన్ని!” “మా తాతయ్య రాశాడు చూడండి టీచర్!” అంటూ బెంచీలెక్కారు. ఆ గోలకు హెడ్‌మాస్టరుగారు, వెనకే లెక్కల మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

మౌనవ్రతం లేచి తన కథ కింద ఉన్నవి పైకి చదివింది. “నేను రోజూ వచ్చేది ఆ బస్సులోనే. ఆ హారన్ ఎందుకో ఇన్నాళ్లకు తెలిసింది. ఇట్లు, మీ లెక్కల మాస్టారు.” దాని కిందది కూడా పైకే చదివింది. “బంగారూ, నాన్నని. డిపోలో అందరికీ చదివి వినిపించా. తర్వాతి కథ ఎప్పుడని ప్రాణం తీస్తున్నారు.”

హెడ్‌మాస్టరుగారు పక్కకు తిరిగారు. “ఏమంటారు మాస్టారూ?”

“ఆ పీరియడ్లు నాకొద్దు సార్. కావాలంటే నాదే ఒకటి వీళ్లకిచ్చెయ్యండి!”

మాస్టారు అన్నంత పనీ చేస్తారేమోనని హెడ్‌మాస్టరుగారు కంగారుపడి, “ఎవరివి వాళ్లకే ఉండనివ్వండి,” అనేశారు. పిల్లల చప్పట్లు పక్క తరగతికి వినిపించాయి. టీచరమ్మ కళ్లు తుడుచుకోను కూడా లేదు. అంత సంతోషం ఆవిడకు!

తన కుర్చీ ఖాళీ చేసి మౌనవ్రతాన్ని పిలిచింది. “రా, కూర్చో. వచ్చినవి చూసి పైకి పంపే పని ఇకమీదట మీ పిల్లలది.”

ఆ పిల్ల కూర్చుని, ముందుగా నాన్న వ్యాఖ్య కింద ఒక్క ముక్క రాసింది: “నాన్నా, ఈరోజు మూడుసార్లు కొట్టు. మూడోది నాకు.”

సాయంత్రం ఆ వీధి మలుపులో హారన్ మూడుసార్లు మోగింది.