ఏదో ఒకటి తేల్చుకోండి

తాడేపల్లిగూడెంలో కుసుమకుమారి గారి ఇంట్లో ఎవరూ ఒకేసారి రెండు పనులు చెయ్యకూడదు. అన్నం తింటూ టీవీ చూడకూడదు. బట్టలు మడతపెడుతూ ఫోను మాట్లాడకూడదు. స్నానం చేస్తూ కూనిరాగం తియ్యడం కూడా నిషేధమే. పాడాలనిపిస్తే తుడుచుకుని బయటికొచ్చి, కుర్చీలో కూర్చుని పాడుకోవాలి. అలా కూర్చోబెడితే పాడేవాళ్ళెవరుంటారు? ఆ ఇంట్లో పాట ఆగిపోయి ఏడాది కావస్తోంది.

ఈ చట్టానికి మొదట బలైనవారు ఆవిడ భర్త రామలింగం గారు. ఆయనది ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారం. పొద్దున్నే ఒక చేత్తో కాఫీ గ్లాసు, ఇంకో చేత్తో పేపరు, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని మార్కెట్టు సంగతులు కనుక్కోవడం ఆయనకి పెళ్ళినాటికే ఉన్న అలవాటు.

"ఏవండీ, ఏం చేస్తున్నారు?"

"కాఫీ తాగుతున్నాను."

"మరి ఆ పేపరో?"

"అదీ చదువుతున్నాను."

"రెండూ కుదరవండీ. ఏదో ఒకటి తేల్చుకోండి."

ఆయన కాఫీకే ఓటేశారు. ఆవిడ అక్కడితో వదల్లేదు. "చేదు ముందు తెలిసిందా, తీపి ముందు తెలిసిందా?" అని పరీక్ష. "చేదే" అన్నారాయన, భార్య ముఖంలోకి చూస్తూ.

గ్యాసు బండలు వేసే అహరోను ఓసారి భుజమ్మీద బండ, చెవి దగ్గర ఫోనుతో లోపలికి రాబోయాడు. ఆవిడ గుమ్మంలోనే ఆపేశారు.

"ఏం చేస్తున్నావు బాబూ?"

"బండ మోస్తున్నానండీ."

"ఎలా ఉంది?"

"బరువుగా ఉందండీ. తమరు కాస్త జరిగితే దింపుతానండీ."

"మరి మాట్లాడుతూ మోస్తే ఆ బరువు నీకెలా తెలుస్తుంది?"

అప్పట్నుంచి అహరోను వీధి మలుపులోనే ఫోను పెట్టేస్తున్నాడు. "ఉంటాను, కుసుమకుమారి గారి ఇల్లొచ్చేసింది" అంటే అవతలివాళ్ళకి కూడా అర్థమైపోతోంది.

వీధిలో అందరికీ ఇదో వినోదం. కోడలు మనోజ్ఞకి మాత్రం నవ్వు వచ్చేది కాదు. అప్పటికి ఆ పిల్లకి నవ్వడం కన్నా భయపడటమే బాగా అలవాటైంది.

కిందటి చలికాలం ఏలూరులో పెళ్ళి చూసుకుని మొగుడూ పెళ్ళాలు తిరిగి వస్తుంటే, గుండుగొలను దాటాక పొగమంచులో లారీ అడ్డొచ్చింది. భర్త ఫణికిరణ్ స్టీరింగు తిప్పాడు. కారు రోడ్డు దిగి, పొలాలకి నీళ్ళు పారే పంటబోదెలో పడింది. తలుపులు రాలేదు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాక పొలాల్లోంచి ఎవరో పరిగెత్తుకొచ్చి, అద్దం పగలగొట్టి ఇద్దరినీ బయటికి లాగారు. ఒంటిమీద గీత కూడా పడలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ "దేవుడు చల్లగా చూశాడు, ఏమీ కాలేదుగా" అని కాఫీలు తాగి వెళ్ళారు. ఏమీ కానిదానికి ఇంకా భయపడుతున్నానని చెప్పుకోవడానికి మనోజ్ఞకి సిగ్గేసింది.

చెప్పకపోయినా భయం పోలేదు. కుక్కరు కూతేస్తే చేతిలోది వదిలేసేది. ఫణికిరణ్ రావడం కాస్త ఆలస్యమైతే ఆ రోడ్డంతా కళ్ళముందు పరుచుకునేది. ఏ పని చేస్తున్నా, మనసు మాత్రం ఆ బోదెలోకి జారిపోయి తలుపు గుంజుతూ ఉండేది. సరిగ్గా అప్పుడే వెనకనుంచి అత్తగారి గొంతు వినిపించేది.

"ఏం చేస్తున్నావమ్మా?"

మనోజ్ఞ ఉలిక్కిపడేది. "చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నానండీ."

"ఎలా ఉంది?"

"చిక్కుడుకాయలాగే ఉందండీ."

"వేళ్ళకి ఎలా తగులుతోందీ అని."

"చల్లగా... కాస్త గరుగ్గా."

"వాసనో?"

పిచ్చి ప్రశ్న. అయినా పెద్దావిడ అడిగారు గనక, మనోజ్ఞ ఓ కాయ తుంచి ముక్కు దగ్గర పెట్టుకునేది. పచ్చి వాసన. తల తిప్పి చూస్తే అత్తగారు వెళ్ళిపోయి ఉండేవారు. అంతకుముందు తను దేన్ని తలుచుకుని వణికిందో కాసేపటిదాకా గుర్తొచ్చేది కాదు.

అయితే కొన్నాళ్ళకి కొత్త భయం పట్టుకుంది. ఓ రోజు కుసుమకుమారి గారు గ్లాసు కడుగుతూ, "ఇవిగో నీళ్ళు, ఇదిగో నురగ, ఇదిగో అంచు" అని తనలో తను చెప్పుకుంటున్నారు. మనోజ్ఞ గుమ్మంలోనే ఆగిపోయింది. మతి చలించే ముందు మనుషులు ఇలాగే చేస్తారని ఎక్కడో చదివినట్టు గుర్తు. ముందుజాగ్రత్తగా గ్యాసు లైటరు తీసి బియ్యం డబ్బాలో దాచింది. భోజనం దగ్గర భర్తని మెల్లగా కదిపింది.

"ఏవండీ, అత్తయ్యగారిని ఒకసారి డాక్టరుకి చూపిద్దామా?"

ఫణికిరణ్ కంచంలోంచి తలెత్తకుండా, "అన్నం తింటున్నాను. తిన్నాక మాట్లాడతాను" అన్నాడు.

ఇది అంటువ్యాధి కూడానన్నమాట అనుకుని మనోజ్ఞ ఇంకా హడలిపోయింది.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం. మగవాళ్ళిద్దరూ మార్కెట్టులో ఉన్నారు. కొల్లేరు వైపునుంచి మబ్బు కాటుకలా కమ్ముకొచ్చింది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మని పేలి, ఇల్లు చీకటైపోయింది. గాలికి వీధి తలుపు ధడాలున కొట్టుకుని బిగుసుకుపోయింది. మనోజ్ఞ వెళ్ళి లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. తలుపు కిందనుంచి వాన నీళ్ళు లోపలికి పాక్కుంటూ వచ్చి పాదాలకి తగిలాయి.

అంతే. చేతులు మంచుగడ్డలైపోయాయి. ఊపిరి సగంలోనే తెగిపోతోంది. గోడకి జారుతూ కూలబడింది. ప్రాణం పోతోందనడంలో ఆమెకి ఏమాత్రం అనుమానం లేదు.

కుసుమకుమారి గారు వచ్చారు. కేకలు పెట్టలేదు, ముఖాన నీళ్ళు చల్లలేదు. మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా ఆ తడి నేలమీదే పక్కన కూర్చున్నారు.

"ఏం చేస్తున్నావమ్మా?"

"చచ్చిపోతున్నానండీ."

"సరే." తెచ్చిన బుట్టలోంచి ఓ ఉల్లిపాయ తీసి ఆమె ఒళ్ళో పెట్టారు. "ఇది కాస్త ఒలిచిపెట్టు."

పళ్ళు టకటకలాడుతున్నా మనోజ్ఞకి రోషం వచ్చింది. "ఒకేసారి... రెండు పనులు... చెయ్యకూడదన్నారుగా."

"అన్నాను. అందుకే ఏదో ఒకటి తేల్చుకో."

ఆవిడ ముఖంలో వేళాకోళం లేదు, కంగారూ లేదు. చచ్చిపోవడం ఎలాగో మనోజ్ఞకి సరిగ్గా తెలియదు. ఉల్లిపాయ ఒలవడం తెలుసు. పై పొట్టు చిటపటమంటూ ఊడింది. లోపల నున్నగా, తడిగా, లేత గులాబి రంగు. ఘాటు కళ్ళకెక్కింది. "ఇప్పుడెలా ఉంది? ఈ పొర మందమా, పల్చనా?" అని అత్తగారు అడుగుతూనే ఉన్నారు. ఒకటి అయిపోతే ఇంకోటి అందించారు. కళ్ళమ్మట నీళ్ళు ధారలు కట్టాయి, ఉల్లిపాయలవి కొన్ని, ఆ చలికాలంనాటివి కొన్ని.

వాన వెలిశాక రామలింగం గారు వచ్చి, భుజంతో తలుపు నెట్టుకుని లోపలికి అడుగుపెట్టారు. ఒలిచిన ఉల్లిపాయల గుట్ట చూసి, "షాపు ఇక్కడికి మార్చారా?" అన్నారు.

ఆ తర్వాత భయం పూర్తిగా పోయిందా అంటే పోలేదు. వస్తూనే ఉంది. కానీ వచ్చినప్పుడల్లా చేతిలో ఏదో ఒక పని కనిపిస్తోంది.

కార్తీకంలో ఒక సాయంత్రం ఇంటికి చుట్టాలొచ్చారు. కుసుమకుమారి గారు రోజూ ఆ వేళకి పక్కింటి వెంకటనరసమ్మ గారి దగ్గరికి విష్ణుసహస్రనామం చదవడానికి వెళ్తారు. పిలుచుకొద్దామని మనోజ్ఞ వెళ్ళింది. కిటికీ దగ్గర ఆగిపోయింది.

లోపల సహస్రనామం లేదు. కుసుమకుమారి గారి కళ్ళు టీవీ సీరియల్ మీద ఉన్నాయి. నోట్లో జంతిక ఉంది. చేతులు చేమంతిపూల దండ కడుతున్నాయి. స్పీకరు పెట్టిన ఫోనులోంచి పెంటపాడు చెల్లెలు మాట్లాడుతోంది. మధ్యమధ్యలో వెంకటనరసమ్మ గారికి పులుసులో ఇంగువ ఎప్పుడు వెయ్యాలో కూడా చెబుతున్నారు. ఆవిడ ముఖం పున్నమి చంద్రుడిలా వెలిగిపోతోంది.

"ఇంకా ఎన్నాళ్ళక్కా నీకీ తిప్పలు?" అంటోంది ఫోను. "ఆ పిల్లకే చెప్పేయొచ్చుగా."

"చెబితే తను రోగిష్టిదాన్ననుకుంటుందే. ఆ దడా అదీ నాకేనని చెప్పుకుని, ఏలూరు వెళ్ళి నేనే డాక్టరు గారికి చూపించుకొచ్చాను. చేసే పనిమీద మనసు పెట్టమ్మా, నెమ్మదిస్తుంది అన్నారు. దానికొక్కదానికే చెబితే మందు. ఇంటిల్లిపాదికీ పెడితే అత్తగారి చాదస్తం. మందు మింగడం కష్టంగానీ, చాదస్తందేముంది, ఇట్టే మింగేస్తారు."

"బావగారికి తెలుసా?"

"ఆయనకీ అబ్బాయికీ చెప్పాను. పాపం, నోరు మూసుకుని కాఫీ తాగుతున్నారు. ఉండవే, ఉండు, సీరియల్లో వీడెవడో ఆ పిల్లకి ఉంగరం తొడిగేస్తున్నాడు."

మనోజ్ఞ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, చప్పుడు కాకుండా వెనక్కి నడిచింది. వచ్చిన చుట్టాలకి "అత్తయ్యగారు పారాయణలో ఉన్నారండీ, మధ్యలో లేవకూడదు" అని చెప్పి కాఫీలిచ్చి పంపింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలు కాగానే అత్తగారి దగ్గరికెళ్ళింది.

"అత్తయ్యగారూ, ఇవాళ్టినుంచి సాయంత్రం వంట నేనే చూసుకుంటానండీ. మీరు పారాయణకి కాస్త పెందలాడే వెళ్ళి, తీరిగ్గా రండి."

కుసుమకుమారి గారు కోడలి ముఖం పరిశీలనగా చూశారు. "ఒక్కదానివే ఉండగలవా?"

"ఉంటానండీ. సహస్రం అంటే మాటలా, అన్ని నామాలు చదవాలిగా."

ఆవిడ లేచారు. వెళ్ళేటప్పుడు కొంగు చాటున ఫోను ఛార్జరు కూడా పట్టుకెళ్ళారు.