కనకాంబరం కాయలు

ఇవాళ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కనకాంబరాల మాలలు చూసి ఆగిపోయాను. మీకూ గుర్తుందా, ఎండిన కనకాంబరం కాయను ఉమ్మితో తడిపితే అరచేతిలో టప్పున పేలేది?

నాంపల్లిలో మా కిరాయి ఇంటి పెరట్లోకి పక్క లాడ్జి గోడ ఎండ రానిచ్చేది కాదు. ఆ నీడలోనే అమ్మ పాత నూనె డబ్బాల్లో కనకాంబరాలు పెంచింది. రోజూ మూరెడు తన జడలోకి, జానెడు జానెడు చెల్లికీ నాకూ.

నాన్న పోయిన పదో రోజు అమ్మను ఆ డబ్బాల పక్కనే కూర్చోబెట్టారు. తలనిండా ఆ చెట్ల పూలే పెట్టి, మళ్లీ వాళ్లే లాగేసి, బిందెలతో నీళ్లు పోశారు. నీళ్లు చెట్ల మీదికి చిందాయి. కాయలన్నీ టపటపా పేలాయి. చెల్లి పకపకా నవ్వింది. చిన్నది, దానికేం తెలుసు!

"ఈ ఇంట్ల ఇంక పూలెందుకే? గా చెట్లు పీకెయ్" అంది మేనత్త.

"ఉండనీ వదినా, ఆడపిల్లలున్నరు గదా" అంది అమ్మ.

ఆ చెట్లు చాలా ఏళ్లు పూశాయి. అమ్మ మా ఇద్దరికీ మాలలు కట్టింది. నీళ్లు మాత్రం బాగా వంగి చెట్ల మొదళ్లలోనే పోసేది, ఒక్క చుక్క కూడా కాయల మీద పడకుండా.