ఏడో మడికి మేనమామ పోలిక

చుట్టరికం కలపకుండా మాట్లాడటం మొక్కల డాక్టరుగారికి చేతకాదు. మనిషి కానీ, మొక్క కానీ, మూలనున్న మిషను కానీ, దానికో మేనత్తనో తోడల్లుణ్ణో వెతికి తగిలించేదాకా ఆయనకి తోచదు. అడవి మొక్కల పరిశోధన కేంద్రంలో జన్యువుల విభాగానికి పెద్ద ఆయన. ముఖం మీద డాక్టరుగారనీ, వెనకాల చుట్టాలాయననీ అనేవారు. వెనకాల అనేది కూడా ఆయనకి తెలుసు. "నన్ను చుట్టం అనుకోబట్టే కదా వెనకాల మాట్లాడుతున్నారు" అని సంతోషించేవాడు.

విత్తనాల అసిస్టెంటుగా ఒక అమ్మాయి చేరిన రోజు ఆయన ఆమెని ఏం చదివావని అడగలేదు. చేతివేళ్ళకేసి చూశాడు.

"ఆ బొటనవేలు వెనక్కి వంగుతుందా?"

"వంగుతుందండీ."

"మా అక్కకీ అంతే. అయితే నువ్వు నాకు మేనకోడలివన్నమాట. రా కోడలా, ఫ్రిజ్‌లో గింజలు పెట్టాను, తూకం వెయ్యాలి."

ఆమె నవ్వాలో భయపడాలో తేల్చుకునేలోపు తూకం వెయ్యడం అయిపోయింది.

కాలం గడిచిన కొద్దీ ఆ జబ్బు ముదిరింది. జనరేటరూ జిరాక్సు మిషనూ తోడల్లుళ్ళని తేల్చాడు. ఒకరు అలిగితే రెండోవారూ మూతి ముడుచుకుంటారట.

"జనరేటరు ఆగితే జిరాక్సుకి కరెంటు రాదండీ, అంతే" అన్నాడు డైరెక్టరు విసుగ్గా.

"మరి కరెంటే కదండీ వాళ్ళ మామగారు!"

ఒకసారి పన్ను పీకించుకుని, బుగ్గ వాచి, మాట సరిగ్గా రాకుండా వచ్చాడు. అయినా గేటు దగ్గర ఆగి వాచ్‌మన్‌కి చెప్పే పోయాడు. "ఆ పళ్ళ డాక్టరు నీకు పినతండ్రి కొడుకై ఉండాలోయ్. నోరు తెరవమనే ముందు ఆయనా, గేటు తెరిచే ముందు నువ్వూ, ఒకే నిట్టూర్పు."

కేంద్రంలో నవ్వుకోవడానికి ఆయన తప్ప వేరే ఏమీ ఉండేది కాదు. గోడలకి పెచ్చులూడిన బూడిదరంగు మేడ, వెనక పన్నెండు మడుల నర్సరీ, కిటికీలోంచి కనిపించే కొండ. ఆ కొండ శిఖరం మీద మంచుపొద అనే అడవి మొక్క పెరిగేది. ఏటా మంచు తగ్గి, వేడి పెరిగి, పొదలు ఎండి, శిఖరం గోధుమరంగుకి తిరిగింది. శిఖరం మీది విత్తనమే తెచ్చి, మొలకెత్తించి, మళ్ళీ అక్కడే నాటాలని పైనుంచి ఉత్తర్వు. మూడో వేసవికే మడుల్లో మొక్కలు సగానికి పైగా పోయాయి. రోజూ పొద్దున్నే వెళ్ళి ఎండినవాటిని పీకి, రిజిస్టర్లో కొట్టేయడం అసిస్టెంటు పని. ఆమె కొట్టివేతలు మాట్లాడకుండా చేసేది. ఆ మౌనానికి ఇంకో కారణం కూడా ఉంది.

విత్తనాల కోసం శిఖరానికి చివరి విడత వెళ్ళిన రోజున, ఎక్కుతూ సగం దారిలో ఉండగా ఆమెకి ఫోను వచ్చింది. ఆస్పత్రి నుంచి. తల్లికి ఊపిరి అందడం లేదు, వెంటనే రమ్మన్నారు. పన్నెండు సంచుల్లో రెండు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. చుట్టూ ఉన్నవి అచ్చం మంచుపొదల్లాగే కనిపించాయి. చేతికందిన గింజలు దూసి, సంచుల్లో పోసి, 'శిఖరం, ఉత్తరపు వాలు' అని చీటీ కట్టి దిగిపోయింది. ఆమె వెళ్ళేసరికి తల్లి లేదు. ఆ రెండు సంచులే ఏడో మడి, ఎనిమిదో మడి అయ్యాయి.

కొండ సగం దారి మామూలు చోటు కాదు. కింద రాతినేలలో పెరిగే ఎండపొదా, పైన పెరిగే మంచుపొదా దగ్గరి జాతులు. రెండూ కలిసేది అక్కడే. తేనెటీగలు ఆ పుప్పొడి ఇక్కడా ఈ పుప్పొడి అక్కడా వేసి, ఎన్నో తరాలుగా వాటికి వియ్యం కుదురుస్తున్నాయి. ఈ సంగతి ఆమెకి గుర్తొచ్చింది నెల తర్వాత, మొలకలు వచ్చాక. అప్పుడు చెప్పడానికి ధైర్యం చాలలేదు. తర్వాత చెప్పడానికి ముఖం చెల్లలేదు.

ఆ రెండు మడుల దగ్గరే డాక్టరుగారు ఎక్కువసేపు నిలబడేవాడు.

"చూశారా డైరెక్టరుగారూ, ఏడో మడికి మేనమామ పోలిక!"

"మొక్కకి మేనమామ ఏమిటండీ?"

"ఎందుకుండడు? ఆకు కిందవైపు నూగు చూడండి. ఎండపొద ఇంటివాళ్ళ నూగు అది."

"మీకు సెలవు కావాలంటే చెప్పండి, ఇస్తాను" అని నవ్వేసి డైరెక్టరు వెళ్ళిపోయేవాడు. ఆమె మాత్రం నీళ్ళ పైపు పట్టుకుని, ఒకే చోట నీళ్ళు పోస్తూ నిలబడిపోయేది.

నాలుగో వేసవి దాటేసరికి పది మడుల్లో నూటికి నాలుగైదు మొక్కలు మిగిలాయి. ఏడూ ఎనిమిదీ మడుల్లో నూటికి అరవై పచ్చగా ఉన్నాయి. పైనుంచి ముగ్గురు పరిశీలకులు వచ్చారు. వాళ్ళలో పెద్దామె ఏడో మడి ముందు కూర్చుని చాలాసేపు మొక్కలు లెక్కపెట్టి, మీటింగు గదిలో సంతోషంగా చెప్పింది.

"శిఖరం ఉత్తరపు వాలు విత్తనం వేడికి అలవాటు పడుతోందన్నమాట. మంచి కబురు. వచ్చే ఏడాది మిగతా కొండలక్కూడా శిఖరాల ఉత్తరపు వాలు నుంచే గింజలు సేకరిద్దాం."

అసిస్టెంటు రెండువైపులా ఆలోచించింది. చెబితే ఉద్యోగం పోతుంది. కల్తీ విత్తనమని ఆ రెండు మడులూ పీకించేస్తారు కూడా. చెప్పకపోతే ఇంకో పది కొండలకి చచ్చిపోయే విత్తనం వెళుతుంది. చావులు కొట్టేసే రిజిస్టరు ఇంకెవరో ఎక్కడో రాసుకుంటూ కూర్చుంటారు. ఆమె లేచి నిలబడింది.

"మేడమ్, ఆ గింజలు శిఖరం మీదివి కావు. నేనే సగం దారిలో ఏరి తప్పు చీటీ కట్టాను."

డైరెక్టరు ముఖం ఎర్రబడింది.

"నాలుగేళ్ళు! నాలుగేళ్ళు దాచావా? డాక్టరుగారూ, చూశారా ఈ అమ్మాయి చేసిన పని!"

"చూశానండీ. మొలకెత్తిన పదిహేనో రోజునే చూశాను."

ఆయన పాత నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టాడు. తేదీ వేసి ఉంది. 'ఏడు, ఎనిమిది: సగం దారి విత్తనం. పీకకూడదు. బతుకుతాయేమో చూడాలి.'

"మరి చెప్పలేదేం?" డైరెక్టరు గొంతు పెంచాడు.

"రోజూ చెప్తూనే ఉన్నాను కదండీ! మేనమామ పోలికని ఎన్నిసార్లన్నానో మీరే చెప్పండి. మీరే సెలవు పెట్టుకోమన్నారు."

పరిశీలకురాలు నవ్వు ఆపుకోవడానికి నీళ్ళ గ్లాసు అందుకుంది. తర్వాత గట్టిగానే అడిగింది. "చుట్టరికం సరే. రుజువేది?"

డాక్టరుగారి సంచిలోంచి కాగితాలు బయటికొచ్చాయి. ఒక్కో మొక్క ఆకునీ పరీక్షించిన ఫలితాలు. ఆ నూగు తప్ప ఆకూ పువ్వూ అంతా మంచుపొదవే. కానీ ఎండపొద జన్యువులు కొన్ని లోపల మిగిలాయి. మిట్టమధ్యాహ్నం ఆకు రంధ్రాలు తొందరగా మూసుకుని నీరు పోకుండా కాచుకునే గుణం వాటితోనే వస్తున్నట్టుంది. బతికినవాటిల్లో ఎక్కువ వాటికి ఆ జన్యువులున్నాయి, చచ్చినవాటిల్లో చాలావాటికి లేవు.

"ఇది గట్టెక్కిస్తుందని నేననను" అన్నాడాయన. ఆ ఒక్కసారీ గొంతులో వేళాకోళం లేదు. "శిఖరం మీద చలికాలం తట్టుకోవాలి. తట్టుకోకపోవచ్చు. కానీ పీకేస్తే ఆ సంగతి తెలుసుకునే దారి కూడా ఉండదు."

సాయంత్రానికి తీర్పు వచ్చింది. మడులు పీకరు. శిఖరం మీద ఒక మూల, చిన్న ముక్కలో నాటి చూస్తారు. శిఖరాల గింజల సేకరణ ఆగింది. అసిస్టెంటు ఉద్యోగం పోలేదు, మెమో మాత్రం వచ్చింది. డాక్టరుగారికీ వచ్చింది. కారిడారు చివరి మెట్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. బయట కొండ ఎప్పటిలాగే గోధుమరంగుగా ఉంది.

"తెలిసి కూడా నన్నెందుకు అడగలేదండీ?"

"అప్పటికి మీ అమ్మ పోయి రెండు నెలలు కాలేదు. అడిగితే రాజీనామా ఇచ్చి పోయేదానివి. నువ్వే చెప్తావులే అనుకున్నాను. కాస్త ఆలస్యం చేశావు. ఇవాళ నువ్వు లేవకపోతే నేనే చెప్పేవాణ్ణి, నీ పేరెత్తకుండా."

"నాలుగేళ్ళూ వాళ్ళకి అనుమానం రాకపోవడం నా అదృష్టం."

"అదృష్టమా! నా కష్టమమ్మా అది. ఒక్క మడికే చుట్టాల్ని వెతికితే ఎవరో ఒకరు వంగి ఆకు తిప్పి చూస్తారు. అందుకని జనరేటరుకీ వెతికాను, జిరాక్సుకీ వెతికాను. ఆ పళ్ళాయనకైతే బుగ్గ నొప్పి మీద వెతికాను. పూర్వం నుంచీ ఉన్న జబ్బే, నీకోసం కాస్త ఎక్కువ చేసుకున్నాను."

ఆమె తల వంచుకుని రెండు మెమోలూ పక్కపక్కన పెట్టింది. కళ్ళు తుడుచుకుని చదివింది. మళ్ళీ చదివింది.

"మీ దాంట్లో చీవాట్లు నాకంటే ఆరు లైన్లు ఎక్కువున్నాయండీ."

"మరి?" అన్నాడాయన, మెమో మడిచి జేబులో పెట్టుకుంటూ. "పెద్దవాణ్ణి కదమ్మా, నాకే ఎక్కువ వడ్డిస్తారు."