ఇసుకలో నలికిరి

మొన్న ధర్మవరంలో నాయనను పూడుస్తున్నప్పుడు, చేతిలోని ఎండు మట్టి వాసనకు నా నలికిరి గుర్తొచ్చింది. బల్లిలాంటి ఆ నున్నటి జీవిని చిన్నప్పుడు పెనుకొండలో ఇసుక డబ్బాలో పెంచాను. అది ఇసుకలో దూరి మాయమయ్యేది. ఎండ తగిలితే ముక్కు బయటపెట్టేది. అందుకని ఇసుకను ఎప్పుడూ నొక్కేవాణ్ణి కాదు.

ఆ ఏడే తాత, అంటే నాయన తండ్రి, పోయాడు. అందరూ గుంతలో మూడేసి పిడికిళ్ల మన్ను వేశారు. నేను గడ్డలు నలిపి, పొడి చేసి జల్లుతున్నాను.

“ఏమబ్బా, కొర్రలు చల్లుతాండావా? బిరీన ఎయ్యి!” అన్నాడు చిన్నాయన.

“గడ్డలేస్తే తాత పైకి ఎట్లొస్తాడు?” అన్నాను.

 నాయన తన చేతిలోని గడ్డను వేళ్లతో మెత్తగా నలిపి జల్లాడు. ఇప్పటి నాకంటే ఆ రోజు ఆయన చిన్నవాడు.