చెప్పకూడని ఒక్క కేసు

మా హైస్కూలుకి ఏడాదికి నాలుగు రోజులు ఒంగోలు నుంచి ఒక మేడం వచ్చేవారు. ఎవరైనా ఒంటి మీద చెయ్యేసినా, పని ఇప్పిస్తానని ఊరు దాటించబోయినా ఎవరికి చెప్పాలో పిల్లలకు నేర్పేవారు. ఆ ఖర్చు తీసేద్దామని పోయిన వేసవిలో మండలాఫీసులో మీటింగు పెట్టారు. టీచర్లలో నాకు నోరు ఎక్కువని హెడ్మాస్టరు గారు నన్నే పంపారు.

"ఇంత ఖర్చుకి ఫలితం ఏంటి టీచరు గారూ?" అన్నాడు ఆఫీసరు.

"దోమల మందు కొట్టిస్తారుగా, జ్వరం రానివాళ్ల లిస్టు ఎప్పుడైనా అడిగారా?" అన్నాను.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. "కబుర్లొద్దండి. ఒక్క కేసు చెప్పండి, నేనే పైకి రాస్తాను."

ఒక్క కేసు ఉంది. అంతకు ముందు ఏడాది ఆ క్లాసయ్యాక ఏడో తరగతి పిల్ల ఒకతి ఆగిపోయి, మిరప కోతలకు కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ సంగతి ఆ మేడంకి చెప్పింది. రోజూ పాఠం చెప్పే నాకు చెప్పలేదు. కేసు కోర్టులో ఉంది. మా ఊళ్లో పిల్ల పేరక్కర్లేదు, తరగతి చెబితే ఇల్లు చెప్పినట్టే. ఆ గదిలో మా ఊరివాళ్లు ముగ్గురున్నారు.

"లేదండి," అన్నాను.

ఆయన అదే రాసుకున్నాడు.

బడి తెరిచాక ఆ పిల్ల, చెల్లిని ఆరో తరగతిలో చేర్చడానికి తల్లితో కలిసి వచ్చింది.

"ఆ మేడం ఎప్పుడొస్తారు టీచర్? ఇది మరీ సిగ్గరి, ఇంట్లో కూడా ఏదీ చెప్పదు," అంది ఆ పిల్ల, చెల్లిని చూపిస్తూ.

కనుక్కుని చెప్తానన్నాను.