మా మామ దూకిన ఎత్తు

మా మామ సత్యవేడులో చెరకు రైతు. అరవై దాటినా, రోజూ పొద్దున్నే పొలం పక్కన పోయించుకున్న ఇసుకలో హైజంప్ దూకేవాడు. ఎప్పుడు నడుము విరగ్గొట్టుకుంటాడోనని మా అత్తకు భయం. పంతొమ్మిది వందల తొంభైల్లో ఒకసారి ఆయన చిత్తూరులో పెద్దవాళ్ల పోటీలకు పోతుంటే, కోడలినని నన్ను తోడు పంపింది.

పోటీ జరిపే మాస్టరు ఆయన వయసు చూసి అడ్డకర్రను కిందికి దించబోయినాడు.

"దించొద్దబ్బా, ఆడే ఉండనీ" అన్నాడు మామ.

పరిగెత్తుకుంటా వచ్చి దూకినాడు. కర్రతో పాటే ఇసుకలో పడినాడు. నేను భయంతో దగ్గరికి ఉరికినాను.

"నడుముకు తగిలిందా మామా?"

"నడుము దాటేసిందమ్మా. మడమ ఒక్కటే తగిలింది" అన్నాడు సంబరంగా.

తిరిగొచ్చే బస్సులో, ఆ మడమను ఎట్ల పైకి లాక్కోవాలో దారి పొడుగునా కాలెత్తి చూపిస్తానే ఉన్నాడు.